కార్బురేటర్ మార్చాక పాలకాయతిప్ప దాకా

సముద్రం చూడాలన్న కోరికతో మొదలైన ప్రయాణం కాదిది. బండిని పరీక్షించడానికి బయల్దేరాను. మా కాలేజీలో పనిచేసే ఇద్దరు లెక్చరర్లతో కలిసి ఈ సెలవుల్లో బందరు నుంచి అరకు దాకా మోటారు సైకిళ్ల మీద వెళ్లాలని అనుకున్నాం. నా బండిలో పెట్రోలు పంపు పాడైంది. పాత మోడల్ కావడంతో ఆ పంపు ఎక్కడా దొరకలేదు. గుడివాడ మెకానిక్ కోటేశ్వరరావు గారు, "పంపుతో పెట్రోలు చిమ్మే ఈ ఇంజెక్షన్ మొత్తం తీసేసి, ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే దిగే కార్బురేటర్ పెట్టేద్దాం మేడమ్, ఇక పంపుతో పనే ఉండదు" అన్నారు. సరేనన్నాను. రెండు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక ఉదయం పెడన దాటాక నడిరోడ్డు మీద ఊపు తగ్గిపోయి ఆగింది. వెనకే వస్తున్న లారీ నన్ను రాసుకున్నంత దగ్గరగా వెళ్లిపోయింది. కాసేపటికి బండి ఏమీ జరగనట్టు స్టార్టయింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన మురళి, "ఈ బండిని నమ్ముకుని అరకా?" అన్నారు. ఆ ప్రయాణం ఆయనకు మొదట్నుంచీ ఇష్టం లేదు.

ఆదివారం తెల్లవారగానే బందరులో బయల్దేరి, పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరాను. ఖాళీ రోడ్డు మీద గంట ప్రయాణం. గుడివాడ ఊరు కనిపిస్తుండగా బండి మళ్లీ బరువెక్కింది. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు. ఎలాగో షెడ్డు దాకా తెచ్చాను. కోటేశ్వరరావు గారు ట్యాంకు మూత తెరిచి పెట్రోలు చూసి, మూసి, ప్లగ్గు విప్పారు. "చూడండి మేడమ్, ఇటుక రంగులో ఉంది. పెట్రోలు, గాలి సమంగా కలుస్తున్నాయనే కదా? నల్లగా ఉంటే నన్ను అనండి." బండి ఎక్కి రైల్వే గేటు దాకా వెళ్లొచ్చారు. వెన్నలా నడుస్తోందన్నారు.

"మీ దగ్గరికొస్తే బాగుంటుంది, నా దగ్గర ఆగిపోతుంది. ఇది కొత్త కార్బురేటరేనా అండీ?" అని అడిగేశాను.

ఆయన చేతిలో ఉన్న గుడ్డ పక్కన పడేశారు. "డబ్బా మీ ఎదురుగానే కదండీ విప్పాను. అనుమానముంటే వేరే వాళ్లకి చూపించుకోండి."

డబ్బా విప్పడం చూసిన మాట నిజమే. కానీ లోపలిది పాతదాన్ని తుడిచి పెట్టింది కాదని నాకెలా తెలుస్తుంది? ఆ ప్రశ్నతోనే పామర్రు వైపు తిరిగాను. ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ దివిసీమ చివర పాలకాయతిప్ప తీరం దాకా వెళ్లి రాలేని బండి అరకు ఘాట్ రోడ్డు ఎక్కదు. అది ఇవాళే తేలాలి.

పామర్రులో ట్యాంకు నింపించాను. కూచిపూడి దాటేదాకా హాయిగా ఉంది. రెండు వైపులా వరి, కాలవ గట్ల మీద కొబ్బరి చెట్లు, రోడ్డు కూడా బాగుంది. చల్లపల్లి ఇంకా రాకముందే బండి నీరసించి ఆగింది. ఈసారి అనుమానం పెట్రోలు మీదికి మళ్లింది. కల్తీ పోశాడేమో! పక్కకు తోసి, కార్బురేటర్ అడుగున ఉండే చిన్న స్క్రూ వదులు చేసి కాస్త పెట్రోలు సీసా మూతలోకి పట్టి చూశాను. నీళ్లు లేవు, నలక లేదు. కానీ ఒకటి గమనించాను. మొదట ధారగా వచ్చి, తర్వాత చుక్కలు చుక్కలుగా పడి ఆగిపోయింది. నిండు ట్యాంకు నుంచి పెట్రోలు కిందికి దిగడం లేదు. పెట్రోలు గొట్టంలో అడ్డమేదో ఉందనుకుని ఊడదీసి ఊదాను. శుభ్రంగా ఉంది. ఇంతలో బండి మళ్లీ స్టార్టయింది. దగ్గర్లోని ఘంటసాల ఊళ్లో బౌద్ధ స్తూపం చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఇంజిన్ ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనన్న భయంతో అటు తిరగలేదు.

మోపిదేవి, పులిగడ్డ మీదుగా అవనిగడ్డ చేరి భోజనం చేశాను. బస్టాండు దగ్గర మెస్సుల్లో నూట యాభై రూపాయలకు చేపల పులుసుతో కడుపు నిండుతుంది. అక్కడి నుంచి కోడూరు రోడ్డెక్కాక, చుట్టూ ఇల్లన్నది లేని చోట బండి మళ్లీ చచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. సరిగ్గా అప్పుడే మురళి ఫోన్ చేశారు.

"ఎక్కడి దాకా వెళ్లావు? మళ్లీ ఆగిందా?"

మళ్లీ ఆగిందా అని ఎందుకడిగారు? ఆగుతుందని ముందే తెలుసా? పొద్దుటి నుంచి మెకానిక్ చుట్టూ, పెట్రోలు బంకు చుట్టూ తిరిగిన అనుమానం ఒక్కసారిగా ఇంటి వైపు తిరిగింది.

"నేను అరకు వెళ్లకూడదని మీరే దీన్ని ఏదో చేయించారు కదూ?" అనేశాను.

ఆయన నెమ్మదిగా, "అవనిగడ్డ బస్సు ఎక్కుతున్నాను. నీడలో కూర్చో" అని ఫోన్ పెట్టేశారు.

కూర్చోలేదు. ట్యాంకులో ఇంకా ఎంతుందో చూద్దామని మూత తిప్పాను. 'స్స్' మని గాలి లోపలికి పోయింది. మూత మూసి స్టార్టర్ నొక్కితే ఇంజిన్ వెంటనే అందుకుంది! ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. పెట్రోలు ఖర్చయిన చోటికి గాలి రాకపోతే మిగిలిన పెట్రోలు కిందికి దిగదు. కాసేపు ఆగితే మూత సందుల్లోంచి కొద్దికొద్దిగా గాలి దూరి, బండి మళ్లీ కొంత దూరం నడిచేది. పొద్దున కోటేశ్వరరావు గారు మొట్టమొదట చేసిన పని మూత తెరవడమే. అందుకే ఆయన చేతిలో బండి బాగా నడిచింది.

ట్యాంకు నుంచి సీటు కిందికి వెళ్లే సన్నటి గాలి గొట్టం వెతికి పట్టుకున్నాను. దాని చివర ఒక స్క్రూ బిగించి ఉంది. స్క్రూకి తెల్ల టేపు చుట్టి ఉంది. క్రితం వారం మా బాత్‌రూమ్ కుళాయికి మురళి చుట్టిన టేపే అది.

కోపంలో మాట తూలడం వేరు, ఆ మాట నిజమని చేతిలో కనపడడం వేరు. స్క్రూ పీకేసి, అవనిగడ్డకు వెనక్కి తిప్పాను. దారిలో బండి ఒక్కసారి కూడా తడబడలేదు. బాగా నడుస్తున్నకొద్దీ నాకు ఇంకా కోపమొచ్చింది.

మురళి బస్సు దిగి, నన్నూ బండినీ చూసి, "నడుస్తోందా?" అన్నారు. స్క్రూ ఉన్న అరచేయి చాపాను.

"అదా! నేనే పెట్టాను. కార్బురేటర్ మార్చిన దగ్గర్నుంచి ఇల్లంతా పెట్రోలు వాసన, తలనొప్పి అన్నావుగా. వెతికితే ఆ గొట్టం లోంచి వస్తోంది. మూసేశాను. ఊడిపోయిందా?"

"అది తీశాకే నడిచింది. ట్యాంకుకి ఊపిరి దాంట్లోంచే అందాలి."

ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. నటన అయితే పట్టుకోవాలని. మొదట ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బస్టాండు సిమెంటు బెంచీ మీద కూలబడ్డారు.

"అంటే పెడన దగ్గర లారీ... అది నా వల్లేనా?"

స్క్రూ ఆయన చేతిలో పెట్టాను. ఆయన స్క్రూ అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు అరకు వెళ్లడం నాకిష్టం లేదు. కాదనను. ఆ మాట నీ మొహం మీదే చెప్తాను. చాటుగా బండిని పాడు చేసేవాడిలా కనపడ్డానా నీకు?" అన్నారు.

"ఇవాళ నాకు అందరూ అలాగే కనపడ్డారండీ."

ఇద్దరం ఒకే బండి మీద పాలకాయతిప్ప వెళ్లాం. కోడూరు నుంచి, తీరానికి ముందొచ్చే హంసలదీవి దాకా రోడ్డు ఇరుకు, పొద్దుపోయాక వెళ్లకండి. ఒడ్డున నిలబడి కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పి, క్షమించమన్నాను. "ఆ గొట్టం మూయకూడదని నేనైనా మీకు చెప్పాల్సింది మేడమ్" అన్నారాయన. నది వచ్చి సముద్రంలో కలిసే వైపు చూస్తూ మురళి నిలబడ్డారు. నేనన్న మాట ఇంకా మా ఇద్దరి మధ్య ఉంది. క్షమించమని ఆయన్ని కూడా అడిగాను. "అరకు నుంచి రోజూ ఫోన్ చెయ్యి" అన్నారు. అది ఒప్పుకోవడమా, సర్దుకోవడమా నాకింకా తెలియదు. వచ్చేటప్పుడు బండి ఆయనే నడిపారు, నేను వెనక కూర్చున్నాను. బందరు దాకా ఎక్కడా ఆగలేదు.

ఇంజెక్షన్ తీసి కార్బురేటర్ పెట్టించిన వాళ్లకు ఒక్క మాట. బండి కొంత దూరం పోయి ఆగుతుంటే, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్లూ ప్లగ్గులూ విప్పే ముందు రోడ్డు పక్కన ఆపి ట్యాంకు మూత నెమ్మదిగా తెరవండి. గాలి లోపలికి పోయిన చప్పుడై, ఇంజిన్ వెంటనే అందుకుంటే గాలి గొట్టం చివరిదాకా చూసుకోండి. పెట్రోలు వాసన వస్తుంటే ఆ గొట్టం చివరను ఇంటి వైపు కాకుండా బండి వెనక కిందికి తిప్పించండి. మూయించకండి.