మూడో అంతస్తు ప్రతిపక్షం

ఈ ఎడారి దేశంలో మేముండే పేట ఫరీజ్ బిన్ మహమూద్‌లో, మా పక్క ఫ్లాట్ శ్రీరామమూర్తికి ఉన్నది ఒక్కటే పిచ్చి: బల్గేరియా ఎన్నికలు. ఆ దేశం చూడలేదు, ఆ భాషలో అక్షరం రాదు. కాకినాడలో సొంత ఓటు ఉన్నా, దానికోసం విమానం ఎక్కిన పాపాన పోలేదు.

ఊళ్ళు పట్టి తిరిగే రోజుల్లో నేను ఓ చలికాలం బల్గేరియాలో వణికాను. కమ్యూనిస్టులు దిగిపోయాక మిగిలినవి వాళ్ళ పాత ఎర్ర పార్టీ, దాని మీద లేచిన నీలం పార్టీ, ఆ రెండింటినీ తిట్టడానికి పుట్టిన బోలెడన్ని పార్టీలు. ప్రభుత్వం ఇలా ఎక్కుతుంది, అలా పడుతుంది. మళ్ళీ ఎన్నికలు, మళ్ళీ మూర్తికి పండగ.

ఎదురు ఫ్లాట్‌లో వెలిచ్కో అనే బల్గేరియా ఇంజనీరు ఉన్నాడు. అతను నీలం అంటే మూర్తి ఎరుపు. అతను విసుగెత్తి ఎరుపులోకి దూకితే, సాయంత్రానికల్లా మూర్తి నీలం.

"మీవాళ్ళు ఫ్యాక్టరీలన్నీ అమ్ముకు తిన్నారు!"

"అంతకుముందు మీవాళ్ళు వాటిని తుప్పు పట్టించారు, మూర్తీ!"

"మొన్నటిదాకా వాళ్ళు నీవాళ్ళే కదయ్యా!"

లోపలినుంచి మూర్తి భార్య భానుమతి: "ఏమండీ, ఆ ఫ్యాక్టరీల సంగతి సరే, మన వాషింగ్ మెషిన్ మాటేమిటి?"

అంతలో ఘోరం జరిగింది. ఎరుపూ నీలమూ కలిసిపోయి ప్రభుత్వం పెట్టేశాయి. "ఇక మనిద్దరం ఒకటే," అని వెలిచ్కో నీరసంగా తలుపేసుకున్నాడు. ఆపైన డ్యూటీ, తలుపు, అంతే. పొయ్యి వెలిగిన జాడ లేదు.

"అతని భార్య పోయిన కొత్తలోనూ ఇంతే, బాబాయ్ గారూ," అంది భానుమతి. "తిండీ లేదు, మాటా లేదు. పలకరిస్తే తల ఊపేవాడు. చివరికి ఈయన వెళ్ళి ఎర్ర పార్టీ గెలవాలన్నారు. కొట్టేవాడిలా వచ్చి, అరిచి అరిచి, పెసరట్లు తిని వెళ్ళాడు. ఈయన పిచ్చి ఆ రోజు మొదలైందే."

తెరిచిన నోరు నేను మూసేలోపే మూర్తి చొక్కా తొడుక్కుని ఎదురు తలుపు బాదుతున్నాడు.

"వెలిచ్కో! నేను ప్రభుత్వంలోంచి బయటికొచ్చేశాను. అది పండక్కి పడిపోతుంది!"

లోపల గొళ్ళెం కదిలింది.

"ఎవరి ప్రభుత్వం పడిపోయేది? నా ప్రభుత్వమా?"

మాసిన గడ్డంతో వెలిచ్కో బయటికొచ్చాడు. భానుమతి ఎవర్నీ అడక్కుండానే పెనం పెట్టింది.

మర్నాడు లిఫ్టులో వెలిచ్కో నా చెవిలో అన్నాడు: "నిజం చెప్పనా? ఆ ప్రభుత్వం పడితే నాకే హాయి. మూర్తికి మాత్రం చెప్పకండి. నేను ఒప్పేసుకుంటే, పాపం, పోట్లాడ్డానికి అతనికి ఎవరున్నారిక్కడ?"