తాగని మనిషి చేత ఒట్టు వేయించాను

2022 ఎండాకాలం. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర ఒక భూగర్భ బొగ్గుగనిలో వెల్ఫేర్ ఆఫీసర్‌గా ఉన్నాను. కార్మికుల క్వార్టర్లు, క్యాంటీన్, సెలవులు, ఇంటి గొడవలు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. మా నాన్న కూడా మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఈ గనుల్లోనే పనిచేశాడు. అందుకని కార్మికుల సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు అనుకునేవాణ్ని.

రాజేశం పదిహేనేళ్లుగా సపోర్ట్ పనిలో ఉన్నాడు. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా దానికి రంధ్రాలు వేసి ఉక్కు బోల్టులు బిగించే పని అది. మే నెల నుంచి అతను గనిలోకి దిగడం మానేశాడు. వచ్చి హాజరు వేయించుకునేవాడు, నడుముకు ల్యాంపు కట్టుకునేవాడు, ఇంక్లైన్ దాకా నడిచేవాడు. ఇంక్లైన్ అంటే గనిలోకి దిగే వాలుదారి. దాని ముందు ఆగిపోయేవాడు.

"ఏందిరా, అత్తగారింటికి పోయినట్టు సిగ్గుపడుతున్నవ్?" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. అతను నవ్వడానికి ప్రయత్నించి, వెనక్కి వచ్చి క్యాంటీన్‌లో కూర్చునేవాడు.

అతని గుంపు భద్రత చూసే మైనింగ్ సర్దార్ పోశంను పిలిపించాను. వయసులో నాకంటే పెద్దవాడు.

"ఏం సంగతి పోశన్నా, రాజేశం దిగుతలేడట?"

పోశం గోడ వైపు చూశాడు. "మందు ఎక్కువైంది సారు. జర మీరే చూసుకోండ్రి. మంచి పనోడు."

తర్వాత రాజేశం వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఫ్యాన్ కింద కూడా చెమట కారుతోంది. "తాగుతున్నావా?" అని అడిగాను. పక్కనే ఉన్న పోశం ముఖం చూసి, "అవ్ సారు" అన్నాడు. నాకు అంతే చాలింది. బల్లకు ఇవతల నుంచి లేవకుండానే ఫైల్లో "మద్యపానం" అని రాశాను.

అప్పటికే అతని మీద గైర్హాజరీకి రెండు చార్జిషీట్లు ఉన్నాయి. మూడోది వస్తే విచారణ జరుగుతుంది, ఉద్యోగం పోవచ్చు. ఆ లోపు అతన్ని బాగుచేద్దామని నేను జరిపే నషాముక్తి శిబిరంలో పేరు రాశాను. మద్యం మాన్పించే ఆ శిబిరం నా సొంత ఆలోచన. అధికారులు మెచ్చుకునేవారు, నాకూ గర్వంగానే ఉండేది.

క్యాంటీన్ షెడ్డులో కుటుంబాలను కూడా కూర్చోబెట్టి, రాజేశం చేతికి మైకు ఇచ్చాను. "ఇగ ముట్టను" అని ఒట్టు వేశాడు. వెనక నుంచి ఎవరో అరిచారు: "ఉత్త చేతుల మీద కాదు, క్వార్టర్ సీసా మీద వెయ్యి ఒట్టు!" షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆడవాళ్ల వరుసలో అతని భార్య సుగుణ ఒక్కతే నవ్వలేదు. ఆమె నా వైపే చూస్తోంది.

మర్నాడు ఆఫీసుకు వచ్చింది.

"సారు, మా ఆయన మందు ముట్టడు."

"నిన్న అందరి ముందర ఆయనే ఒప్పుకున్నాడు కదమ్మా."

"ఒప్పుకుంటె అయితదా? మీరు ఎన్నడన్న ఆయన నోరు వాసన చూసిండ్రా? పెండ్లైనకాడి నుంచి పక్కన పండుతున్న, నాకు తెల్వదా?"

నాకు మీటింగుకు టైమవుతోంది. "భర్తను ఇలా వెనకేసుకొస్తే ఆయన బాగుపడడమ్మా" అన్నాను.

"సరే సారు. మీరు చదువుకున్నోళ్లు" అని వెళ్లిపోయింది.

రాజేశం ఆ తర్వాత కూడా దిగలేదు. మూడో చార్జిషీటు కాగితం నా అభిప్రాయం కోసం వచ్చింది. "శిబిరం తర్వాత కూడా మార్పు లేదు" అని రాశాను కానీ సంతకం పెట్టలేకపోయాను. కాగితం సొరుగులో పెట్టాను, మళ్లీ తీశాను. బయటికి వెళ్లి చాయ్ తాగి వచ్చాను. మళ్లీ తీశాను. నిజమే, నేను వాసన చూడలేదు. ఆ మధ్యాహ్నం తొలకరి మొదలైంది. కాగితం అలాగే వదిలేసి స్కూటర్ మీద వాళ్ల క్వార్టరుకు వెళ్లాను.

రాజేశం వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. తల మీద ప్లాస్టిక్ పట్టా, చుట్టూ జోరువాన. గడపలో సుగుణ నిలబడి ఉంది.

"లోపలికి రా రాజేశం, తడిసిపోతున్నావు."

"మీరు పోయి కూసోండ్రి సారు. నేను ఈడనే మంచిగున్న."

సుగుణ అంది: "ఎండకాలం అందరు బయటనే పండిండ్రు, ఎవ్వలకు తెల్వలే. గిప్పుడు వాన పడ్డది, అందరు లోపలికి పోయిండ్రు. ఈయన పోడు. స్లాబు మీద పడతదంటడు."

నేను వెళ్లి తడి మంచం మీద అతని పక్కన కూర్చున్నాను. అతని దగ్గర వాన వాసన తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు చెప్పాడు. ఏప్రిల్‌లో ఒకరోజు బోల్టు వేస్తూ, రాడ్డు అందుకోవడానికి రెండడుగులు పక్కకు జరిగాడు. మంచమంత బండ అతను నిలబడ్డ చోటే పడింది.

"నా నీళ్ల సీసా సపాటైంది, గంతే. షిఫ్ట్ పూర్తి చేసిన, ఇంటికొచ్చి అన్నం తిన్న. వారం దినాలకు షురువైంది సారు. ఎక్కడ కూసున్నా పైకే చూస్తున్న."

దీన్ని గనుల భాషలో నియర్ మిస్ అంటారు. ప్రమాదం తప్పిపోయింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. సర్దార్ రిజిస్టరులో ఒక వాక్యం రాస్తాడు. అది నా దాకా రాదు. రావాలని నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు పోశంను నిలదీశాను, అబద్ధం ఎందుకు చెప్పావని.

"ఏం చెప్పమంటరు సారు? తాగుతుండని రాస్తే శిబిరానికి పంపుతరు. దిమాగ్ ఖరాబైందని రాస్తే మెడికల్ బోర్డుకు పంపుతరు, అన్‌ఫిట్ అంటరు, నౌకరి పోతది. తాగుడుకు మీ దగ్గర కాయిదం ఉన్నది. భయానికి ఏం కాయిదం ఉన్నది?"



మేనేజరుకు ఉత్తరం రాశాను. మొదట "అందిన సమాచారం ప్రకారం మద్యపానం అని నమోదు చేశాను" అని రాశాను. రెండోసారి చదివితే తప్పును పోశం మీదికి నెట్టే వాక్యంలా కనిపించింది. చింపేసి, "నేను విచారించకుండా రాశాను, ఇతనికి చికిత్స అవసరం" అని రాశాను. ఇది మీ సర్వీసు రికార్డులోకి వెళ్తుంది, ఆలోచించుకోండి అని మేనేజరు అన్నాడు. వెళ్లింది. నాకు మెమో వచ్చింది, అతని మీద చార్జిషీటు ఆగింది.

నాగపూర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి మొదటిసారి నేనే తీసుకెళ్లాను. కొన్ని నెలల చికిత్స తర్వాత రాజేశం ఇంట్లో పడుకోగలిగాడు. గనిలోకి మాత్రం మళ్లీ దిగలేదు. పైన ల్యాంప్ రూములో, కార్మికుల దీపాలు చార్జింగ్ పెట్టి ఇచ్చే చోట పని దొరికింది. ఉద్యోగం నిలిచింది, పదిహేనేళ్ల చేతిపని పోయింది. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని వైద్యుడు అన్నాడు. ఆ ఆలస్యం నాది.

ఆ తర్వాత నియర్ మిస్ జరిగిన ప్రతిసారీ నాకు కబురు రావాలని పట్టుబట్టాను. ఆ రోజే వెళ్లి ఆ మనుషుల పక్కన కూర్చుంటాను, వారం తర్వాత మళ్లీ వెళ్తాను. నిద్ర పడుతోందా అని అడుగుతాను. కొందరు చెప్తారు. చాలామంది "మంచిగున్నం సారు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు స్థిమితం ఉండదు.

మరుసటి ఏడాది శిబిరానికి ముందు ల్యాంప్ రూముకు వెళ్లాను. "ఈసారి మైకులో నేనే చెప్తాను రాజేశం, నువ్వు తాగలేదని, తప్పు నాదని."

అతను దీపాలు సర్దుతూనే ఉన్నాడు. "వద్దు సారు. తాగుడు ఇడిసిపెట్టిండని అందరు ఇజ్జత్ ఇస్తున్నరు. భయపడ్డడని తెలిస్తే ఎట్ల చూస్తరో."

చెప్పలేదు. ఇక్కడ రాస్తానంటే మాత్రం ఒప్పుకున్నాడు, పేరు మార్చమన్నాడు. మార్చాను. నాకు భయమేసింది అని ఒక మనిషి తన పేరుతో చెప్పుకోగలిగే చోటుగా నా గనిని నేనింకా చేయలేకపోయాను.