చెవిలో పడ్డ ప్రాస

ప్రాస అంటే కంటికి కనపడేదని పాతికేళ్ళు వచ్చేదాకా నమ్మిన తెలుగు మాష్టారిని నేను. ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో దాచుకున్నాను గాని, మొన్న ఫోనులోకి వచ్చిన పెళ్ళిపత్రికలో సన్నాయి మోగి, పూలు రాలి, ఒక్క పద్యమైనా లేకపోయేసరికి చెప్పెయ్యాలనిపించింది.

ఎనభైలలో మా నూజివీడు వైపు పెళ్ళంటే, తలంబ్రాలయ్యాక ఎవరో ఒకరు గులాబీరంగు కాగితం మీద అచ్చొత్తించిన పద్యాలు చదవాల్సిందే. మా అక్క మరిది పెళ్ళికి ఆ భాగ్యం నాకు దక్కింది. బళ్ళో కొత్తగా చేరినవాణ్ణి, నలుగురిలో పండితుణ్ణనిపించుకోవాలన్న తహతహ ఒకటి. కందంలో ప్రతి పాదానికీ రెండో అక్షరం ఒకటే ఉండాలి గదా అని, నాలుగు పాదాల్లోనూ 'మ' పెట్టి, ఎర్రసిరాతో గీతలు గీసి మరీ చూసుకుని, మురిసిపోయి అచ్చుకిచ్చాను. మొదటి పాదం 'మామిడి' అని, రెండోది 'సుమముల' అని ఎత్తుకున్నానో లేదో, మామిడి కాపు గుత్తకు తీసుకునే మా బావగారు, కంద అంటే కూరగానే తెలిసిన మనిషి, బుగ్గన కిళ్ళీ సర్దుకుని పందిరంతా వినేలా "ఏమోయ్ మాష్టారూ, నీ పద్యం కుంటుతోందేంటి?" అన్నారు. పెళ్ళివారు ఘొల్లుమని నవ్వారు. మిగతా పద్యాలు చదివానో మింగానో నాకే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం బావగారు తోటలో మంచం మీద కూర్చోబెట్టి నన్ను కళ్ళు మూసుకోమన్నారు. చెట్టు నుంచి ఏదో రాలింది.

"పండా, కాయా?"

చూసి చెబుదామని కళ్ళు తెరవబోతే వద్దన్నారు.

"మెత్తగా పడితే పండు, టక్కుమంటే కాయ. నీ 'మామిడి' సాగింది, 'సుమ' టక్కున తెగింది. రెండూ ఒకే గంపలో వేస్తే ఎలాగయ్యా?"

రెండో అక్షరం కలిస్తే చాలదు, దాని ముందున్నది కూడా అన్ని పాదాల్లోనూ గురువైతే గురువే, లఘువైతే లఘువే కావాలన్న నియమం నేను వల్లె వేసిందే. వినడం మాత్రం ఆ రోజే నేర్చాను. ఆ తర్వాత నా క్లాసులో పిల్లలంతా కళ్ళు మూసుకునే పద్యం విన్నారు.

విద్య వంటబట్టినా నవ్వులు మాత్రం చెవిలోంచి పోలేదు. రెండేళ్ళకి బావగారి చెల్లెలి పెళ్ళి వచ్చింది. "ఈసారన్నా కుంటకుండా రాయి" అన్నారు. రాశాను. ఒకే హల్లు మళ్ళీ మళ్ళీ పలికే వృత్త్యనుప్రాసలో, "పచ్చని పందిట పసుపుల" అని మొదలుపెట్టి, నాలుగు పాదాలూ పకారాలతో దట్టించి, "పెళ్ళికూతురి అన్నగారు, మీరే చదవాలండీ" అని, నోట్లో కిళ్ళీ ఉండగానే మైకు ఆయన చేతికిచ్చాను. రెండో పాదం దాటకుండానే ప్రతి పకారమూ ఆయన తెల్ల పట్టులాల్చీ మీద ఎర్రగా అచ్చుపడింది. అనుప్రాసను కంటితోనూ గుర్తుపట్టొచ్చని ఆ పూట పందిరంతా ఒప్పుకుంది.

ఇప్పుడా తోటల్లో సగం ప్లాట్లయ్యాయి, పెళ్ళిళ్ళలో మైకు పాటలవాళ్ళ సొత్తయింది, బావగారూ లేరు. లాల్చీ అక్క దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా మరకలు పోలేదట. నేను రాసినవాటిలో నేటికీ చెరగనిది అదొక్కటే.