సున్నా గీత కింద

ఎదురింటి అమ్మాయి ఆ శనివారం పొద్దున ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఆమె ఫిజిక్సులో పరిశోధన చేస్తోంది. స్ఫటికాల్లో అణువులు ఏ వరసలో అమరి ఉంటాయి, అమరిన చోటనే ఎలా కంపిస్తాయి అన్నది ఆమె విషయం. సోమవారం పదకొండింటికి యూనివర్సిటీలో ఆమె సెమినార్ ఉంది. థీసిస్ ఇచ్చే ముందు కమిటీ ఎదుట నిలబడి చేసిన పనంతా చెప్పాలి. అది దాటితేనే థీసిస్ తీసుకుంటారు. గడువు ఒకసారి పొడిగించారు. ఆ పొడిగించిన గడువూ నెలాఖరుతో అయిపోతుంది.

"చాచా, గిదే ఆ గ్రాఫు. మీ పేపర్ల మంచిగ కనబడాలె మరి," అంది.

పత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అయినా సోమవారం సోమవారం ఒక కాలమ్ రాస్తున్నాను. ఆ వారం ఆమె గురించే రాసి శుక్రవారమే పంపేశాను. జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టిన పిల్ల, ఇప్పటిదాకా ఎవరూ చూడని స్ఫటిక రూపం ఒకటి నిలబడుతుందని లెక్కగట్టి తేల్చింది. ఇదీ అందులోని వార్త. దానితో పాటు వేయాల్సిన బొమ్మ ఒక్కటే మిగిలింది.

ఆమె పని నాకు అర్థమయ్యేలా చెప్పింది వాళ్ల నాన్న మగ్గం పక్కన కూచునే. జంపఖానాలో ఒక గడి ఉంటుంది, గడిలో ఒక పువ్వు ఉంటుంది. ఆ గడే అటూ ఇటూ, పైకీ కిందికీ మళ్లీ మళ్లీ వస్తే జంపఖానా నిండుతుంది. స్ఫటికమూ అంతే. గడిలో కొన్ని అణువులు, ఆ గడే అన్ని వైపులా. అయితే అణువులు కుదురుగా ఉండవు. స్ప్రింగులతో ఒకదానికొకటి కట్టినట్టు ఊగుతుంటాయి. ఊగే ప్రతి తీరుకూ ఒక లెక్క ఉంటుంది. అన్ని తీరులకూ ఆ లెక్క సున్నాకు పైన ఉంటే ఆ రూపం నిలబడుతుంది. ఏ ఒక్కటి సున్నా గీత కిందికి దిగినా, కదిలిన అణువులు మళ్లీ తమ చోటికి రావు, జారిపోతాయి. ఆ రూపం నిలవదు. ఆమె గ్రాఫులో గీత కింద ఏమీ లేదు. ఆ పదార్థం వేడిని ఎలా మోస్తుందో మూడేళ్లు చేసిన పనంతా ఆ రూపం నిలబడుతుందన్న నమ్మకం మీదే ఉంది.

నాకు ఫిజిక్సు రాదు. బొమ్మ చూడటం మాత్రం వచ్చు. డెస్కులో ఫొటో చేతికొస్తే ముందు అంచులు చూసేవాళ్లం. ఏది మిగిలింది, ఏది పోయింది అని. ఈ గ్రాఫులో గీతలు గుట్టల వరసలా ఎడమ నుంచి కుడికి లేస్తూ పడుతూ పోతున్నాయి. కుడి చివర దగ్గర ఒక గీత దిగి, దిగి, పెట్టె అడుగును తాకి ఆగిపోయింది. బొటనవేలంత దూరం అవతల అదే అడుగు నుంచి మళ్లీ లేచింది.

"ఇక్కడ బొమ్మ కోసినట్టున్నది బిడ్డా. కింద ఏమున్నది?"

"కింద ఏముంటది చాచా, సున్నా." నవ్వింది. నవ్వుతూనే కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. అక్కడ ఆమె నవ్వు ఆగిపోయింది.

వాళ్ల ల్యాబులో ఒక అలవాటు ఉంది. ఈ గ్రాఫుల్లో ఎడమ చివర, గీతలు మొదలయ్యే చోట, ఒక్కోసారి సున్నా కిందికి చిన్న చిన్న తోకలు వస్తాయి. అవి లెక్కలో పడే దుమ్ము. వాటిని చూపిస్తే బయటివాళ్లు అక్కర్లేని ప్రశ్నలు వేస్తారని గైడు ఎప్పుడో అన్నాడు. దాంతో ఒక సీనియరు బొమ్మ గీసే ప్రోగ్రాములో అడుగును సున్నా దగ్గరే కట్టేశాడు. ఆ ప్రోగ్రామే అందరి చేతుల్లోకి పోయింది. ఆ తర్వాత సున్నా కింద ఏముందో ఎవరూ చూడలేదు.

"గిది ఎడమ దిక్కు కాదు చాచా. గిది కుడి మూల," అంది మెల్లగా.

ఇంటికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చింది. ప్రోగ్రాములో అడుగును కట్టేసిన ఆ ఒక్క వరుస తీసేసి మళ్లీ గీయించింది. పెట్టె అడుగు కిందికి జరిగింది. ఆగిపోయిన గీత సున్నా దాటి, తాడు తెగిన చేదలా లోపలికి పడింది. మా ఆవిడ పెట్టిపోయిన చాయ్ మా ఇద్దరి ముందూ చల్లారిపోయింది.

"ఇది కూడ దుమ్మేనేమో," అన్నాను. దుమ్మే కావాలని నాకూ ఉంది. కాలమ్ వెళ్లిపోయింది మరి.

"కావచ్చు. ఇంకింత గట్టిగ లెక్క చేపిస్తే తెలుస్తది. రేపు పగటీలి దాంక పడతది."

"చేపియ్యకపోతే?"

"ఏముంటది? మా ల్యాబుల అందరి గ్రాఫులు సున్నా కాన్నుంచే ఉంటయ్. కమిటీల ఎవ్వలు అడుగరు." ల్యాప్‌టాప్ మూసింది. "మీరొక్కలే అడిగిన్రు."

ఆ చివరి మాట నన్ను నిందించినట్టే వినిపించింది.

నాకు ఏటూరునాగారం వైపు గోదావరి వరద గుర్తొచ్చింది. ముంపు ఊరి నుంచి జనాన్ని పడవలో ఎక్కిస్తున్న ఫొటో వచ్చింది. పేజీలో ఉన్న జాగా మూడు కాలమ్‌ల వెడల్పే. అడుగున బురద తప్ప ఏం లేదనుకుని కోసేశాను. అందరినీ తరలించారని కింద రాశాను. మర్నాడు ఒకాయన ఫొటోగ్రాఫరు దగ్గర అసలు ప్రింటు తీసుకుని ఆఫీసుకొచ్చాడు. నేను కోసిన ఆ బురదలో, ఒక మూలకు, మూట మీద కూచుని వాళ్ల నాయన ఉన్నాడు. పడవలో చోటు దొరకలేదు. ఆ తర్వాత ఎక్కించారు, ఏం కాలేదు. కొడుకు నన్ను తిట్టను కూడా తిట్టలేదు. బురద మీద వేలు పెట్టి చూపించి, ప్రింటు అక్కడే పెట్టి పోయాడు.

ఇదంతా ఆమెకు చెప్పలేదు. చెబితే నిర్ణయం నేను చేసినట్టవుతుంది. సోమవారం కమిటీ ముందు నిలబడేది ఆమె కదా.

అరగంట తర్వాత ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచి, లెక్కను యూనివర్సిటీ కంప్యూటరుకు పంపింది.

ఆదివారం పొద్దున్నే వచ్చి మా వరండాలో కూచుంది. వాళ్లింట్లో మగ్గం చప్పుడు. ఇక్కడైతే నెట్ బాగా వస్తుందంది. తెర మీద అంకెలు ఒక్కో వరసా పడుతున్నాయి. ప్రతి వరసకూ ఆమె గోరు కొరుక్కుంటోంది. నా గడువు నాకుంది. కాలమ్ ఉన్న పేజీ నాలుగింటికి మూస్తారు. అంతకు ముందు ఆపితేనే ఆగుతుంది.

పన్నెండు దాటాక వాళ్ల నాన్న చేతులకు నూలు దుమ్ముతోనే వచ్చాడు.

"ఏందన్నా, మా బిడ్డ పొద్దటి సంది గీన్నే కూసున్నది? మొఖం జూస్తే సంబంధపోల్లు వచ్చి నచ్చలేదని పోయినట్టున్నది."

"అబ్బా, జర ఊకోండ్రి."

"ఏమైందో చెప్పరాదు. నాకు అర్థంగాకుంటె నవ్వుకుంట పోత."

ఆమె తెర మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పింది. "నేను అన్ని గళ్లు ఒక్కతీర్గ ఉంటయనుకున్న. ఇప్పుడు చూస్తె పక్కపక్క గళ్లు ఎదురెదురు కదులుతానయ్. ఒకటి గిటు వంగితె ఇంకోటి గటు. నేననుకున్న డిజైను నిలవదేమో."

"గంతేనా? రెండు గళ్లు కలిపి ఒకటనుకో. ఒక పువ్వు గిటు, ఒక పువ్వు గటు. మేం నేస్తలేమా?"

"నాకు ఎరుకనే అబ్బా. గట్లనే చెయ్యాలె. గని మొత్తం మల్ల మొదటి నుంచి. ఆర్నెల్లు పడతది. నాకున్నయి పదిరోజులు."

ఆయన నవ్వలేదు. "నేసింది విప్పుడు నాకు ఎరుకనే బిడ్డా. నెయ్యడం కన్న ఎక్వ టైం పడతది," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలాసేపు ఎదురింట్లో మగ్గం చప్పుడు వినిపించలేదు.

మూడుంబావుకు లెక్క అయిపోయింది. గ్రాఫు గీసే మీట నొక్కే ముందు ఆమె చున్నీతో చేతులు తుడుచుకుంది. ఎడమ చివరి తోకలు మాయమయ్యాయి. అవి నిజంగా దుమ్మే. కుడి మూలలోని గీత మాత్రం నిన్నటికంటే లోతుకు దిగింది.

ఆమె ఏడవలేదు. ఫోన్ తీసుకుని గేటు దగ్గరికి పోయి గైడుకు చేసింది. నాకు వినిపించింది ఆమె వైపు మాటలే. "సార్... అవును సార్... రెండుసార్లు చూసిన సార్... లేదు సార్, మూల దగ్గర." తర్వాత ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసి చూసుకుంది. "పెట్టేసిండు. ఏమనలేదు," అంది.

నేను డెస్కుకు చేశాను. ఒకప్పుడు నా చేతికింద పనిచేసినవాడే ఎత్తాడు.

"ఆపుడేంది సార్? పేజీ అయిపాయె. పేజీ ఆగొద్దని మాకు మొత్తుకున్నది మీరే గద!"

"అందుల రాసింది తప్పు తమ్మీ."

"ఎంత తప్పు? ఒక ముక్క మారిస్తె సరిపోతదా?"

"మొత్తం."

అవతల నిట్టూర్పు. "ఇంత జాగల ఇప్పుడు ఏం పెట్టాలె సార్, మీ ఫొటోనా?" తిట్టుకుంటూనే ఆపాడు. మర్నాడు ఆ జాగాలో వడదెబ్బ జాగ్రత్తలు వచ్చాయి.

సోమవారం నేనూ వెళ్లి చివరి వరసలో కూచున్నాను. గైడు మొదటి వరసలో ఉన్నాడు. ఆమె నమస్తే పెడితే తలూపాడు, అంతే. నిన్నటి ఫోన్ తర్వాత ఇద్దరి మధ్యా ఒక్క మాటా లేదట. ఆమె వేడి గురించి, పద్ధతి గురించి చెబుతూ పోతోంది. పాత గ్రాఫు తెర మీదికి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. కమిటీలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. అక్కడ ఆగిపోతే ఆ గంట దాటిపోయేది. నా ముందు కుర్చీ వీపును గట్టిగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

"ఈ బొమ్మ కింది భాగం కోసి ఉంది. కోయని బొమ్మ ఇది," అని రెండోది వేసింది.

వాచీ చూసుకున్నాయనే మొదట మాట్లాడాడు. "అంటే మూడేండ్లు లేని దాని మీద పనిచేసినవా అమ్మా?"

"ఉంది సార్. నేననుకున్న రూపంలో లేదు." గీత దిగిన మూలను వేలితో చూపించింది.

అప్పుడు గైడు లేచాడు. ఆమె వైపు చూడలేదు. కమిటీతో, "ఆ ప్రోగ్రాము నా ల్యాబుది. సున్నా దగ్గర కోయమన్నది నేను. ఈ రెండో బొమ్మ మీదే అడగండి," అని కూచున్నాడు.

కమిటీ ఆ సెమినార్‌ను అంగీకరించలేదు. రెండు గళ్ల రూపంతో మొత్తం మళ్లీ చేసుకు రమ్మన్నారు. గడువు మరో ఆరు నెలలు పెంచమని పైకి రాస్తామన్నారు. పైవాళ్లు ఏమంటారో వాళ్లకూ తెలియదు. ఆ మధ్యాహ్నం ల్యాబులో మిగతా ముగ్గురు స్కాలర్లు ఎవరి ప్రోగ్రాములో వాళ్లు ఆ ఒక్క వరుస తీసేసి, ఎవరి గ్రాఫు మూల వాళ్లు చూసుకున్నారట. ఒకరు తలుపేసుకుని చూసుకున్నారని ఆమె చెప్పింది. తలుపు వెనక ఏం కనబడిందో నేను అడగలేదు.

గడువు పెంచిన కాగితం నెల చివరి రోజు సాయంత్రం వచ్చింది. అప్పటిదాకా ఎదురింటి మగ్గం ఆగి ఆగి నడిచింది.

వానాకాలం పోయాక ఆమె మళ్లీ ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచింది. నేను అంచులు చూశాను. గీతలన్నీ సున్నాకు పైనే ఉన్నాయి. ఒకటి మాత్రం మూలలో సున్నా గీతకు మరీ దగ్గరగా, తాకకుండా పోతోంది. సున్నా కింద రెండు వేళ్ల వెడల్పున ఆమె తెల్ల జాగా వదిలింది.

"గీ ఖాళీ మీ డెస్కోల్లు కోసేస్తరేమో చాచా," అంది.

ఫోన్ తీసి, ఈసారి కాలమ్‌లో బొమ్మతో పాటు ఆ జాగా కూడా రావాలని డెస్కుకు చెప్పాను.