ముందు డోరు, వెనక డోరు

ధూల్‌పేటలో బర్రెలున్న ఇంటికి సెలవులుండవు. రాజమణికీ రామ్‌చందర్‌కూ పెళ్లయి ముప్పై ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణాలన్నీ దాణా కోసమో, చుట్టాల ఇంటికో సిటీ బస్సులోనే. కలిసి అనడం కూడా మాటవరసకే. ఆడవాళ్లది ముందు డోరు, మగవాళ్లది వెనక డోరు. ఆమె అటు ఎక్కేది, ఆయన ఇటు ఎక్కేవాడు. దిగాకే మళ్లీ మాటలు. బస్సు ఖాళీగా ఉన్నా సరే, రామ్‌చందర్ ఆడవాళ్ల వైపు అడుగు పెట్టేవాడు కాదు. అంత మర్యాదస్తుడు మరి.

ఈసారి కూతురు స్వీటీ పట్టుబట్టి ఇద్దరినీ సింగపూర్ టూరుకు పంపింది. బర్రెలను మరిది గోవర్ధన్‌కు అప్పగించి, ఏది తన్నుతుందో, ఏది బుజ్జగిస్తే గానీ పాలివ్వదో పూసగుచ్చినట్టు చెప్పి మరీ విమానమెక్కింది రాజమణి.

మూడో రోజు టూరువాళ్లు సాయంత్రం దాకా మీ ఇష్టమని వదిలేశారు. భూమి లోపల నడిచే రైలెక్కాలని రామ్‌చందర్ ముచ్చటపడ్డాడు. ఇద్దరూ స్టేషన్‌లోకి దిగారు. రైలొచ్చింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఒక్క మాటైనా అనుకోకుండా ఆమె ముందుకు ఉరికింది, ఆయన వెనక్కు ఉరికాడు. ఆమె ఎక్కేసింది. ఆయన చివరి డోరు చేరేలోపే తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది.

లోపల్నుంచి రాజమణి తలుపు మీద చరిచింది. ఆమె ఫోను హోటల్‌లో ఛార్జింగ్‌కు పెట్టి ఉంది. ఆ హోటల్ పేరేమో నోరు తిరగదు. తప్పిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి నిలబడమని గైడు మొదటి రోజే చెప్పాడు. అలాగే దిగింది. తన సంగతి సరే, ఆ మనిషి బీపీ గోలీ వేసుకున్నాడో లేదో. అది తలుచుకోగానే ఏడుపొచ్చింది.

ఆయన వస్తే వెనక డోరులోనే వస్తాడు. ఆ నమ్మకంతో ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచి, చివరి డోరు ఆగే చోట నిలబడింది. ఇంకో రైలు వచ్చి ఆగింది. చివరి డోరులోంచి ఎవరెవరో దిగారు. ఆయన దిగలేదు. రైలు వెళ్లిపోయింది.

అప్పుడు కనిపించాడు. ప్లాట్‌ఫారం అవతలి కొసన, మొదటి డోరు దగ్గర, బిక్కమొహంతో అటూ ఇటూ చూస్తున్నాడు రామ్‌చందర్. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కొంగు దోపుకుని ఉరికింది. ఆయనా ఎదురొచ్చాడు.

“నువ్వు ఎనక డోర్ల వస్తవని నేను గాడ నిలబడ్డ. నువ్వేంది, ముందల దిగినవ్?”

“నువ్వు ముందలనే ఉంటవనుకున్న. అందుకే ఆడోళ్ల డోర్ల ఎక్కిన,” అన్నాడు రామ్‌చందర్ సిగ్గుతో తల వంచుకుని. “మస్తు షరమైంది.”

ముప్పై ఆరేళ్లుగా తెలిసిన మనిషే. అయినా ఆ క్షణం రాజమణికి ఆయన మీద పట్టరానంత ప్రేమ కలిగింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక ఆయన నుదుటి చెమట కొంగుతో తుడిచింది.

మళ్లీ రైలొచ్చింది.

“ఇప్పుడు ఏ డోర్ల ఎక్కుదామే?” అనడిగాడు.

“నువ్వు ఏ డోర్ల ఎక్కితే గా డోర్లనే,” అని ఆయన చేయి పట్టుకుంది రాజమణి.