తీసేసిన తనిఖీ

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నవ్వి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పుడూ ఉన్నాయని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది ముందు ఒప్పుకోవాలి.

హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో ఇరవై ఏళ్ళుగా నెట్‌వర్క్ పెట్టెలకు కెర్నెల్ కోడ్ రాస్తున్నాను. కెర్నెల్ అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం. మా పెట్టెలు ఒక ఆస్పత్రిలో పేషంట్ల మానిటర్ల రీడింగులను నర్సుల టేబుల్‌కు చేరవేస్తాయి.

డేటా కవరులో కవరు పెట్టినట్టు వస్తుంది. ఒక కవరు విప్పిన కోడ్, లోపలి దాని కోసం మళ్ళీ తననే పిలుచుకుంటుంది. పిలిచినప్పుడల్లా స్టాక్ అనే కాస్త చోటు వాడుకుంటుంది. కెర్నెల్‌లో ఆ చోటు చాలా తక్కువ. అది పొంగితే పెట్టె మొత్తం ఆగిపోతుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కవిత దానికొక తనిఖీ రాసింది. ఎనిమిది పొరలు దాటితే ఆ డేటాను పారేసి, 'పోగు తెగింది, ఆపిన' అని లాగ్‌లో, అంటే పెట్టె తన పనిని రాసుకునే చిట్టాలో, రాయాలి. కవిత వాళ్ళది కొత్తవాడలో నేత కుటుంబం.

"ఇదేం మెసేజ్? చీర నేస్తున్నావా?" అని నవ్వాను.

"మా నాయిన మరమగ్గం పోగు తెగంగనే అదే ఆగుతది సార్. ఆగకుంటే బట్టంత ఖరాబే."

"ఎనిమిది కవర్లల్ల కవరు ఎవడు పంపుతాడమ్మా?"

పెట్టె వేగం కాస్త పెరుగుతుందని, ఆమెకు చెప్పకుండా ఆ తనిఖీ తీసేశాను. ఆ కోడే ఆస్పత్రికి వెళ్ళింది. నెల తర్వాత ఆఫీసులో కొత్త కస్టమర్ తెచ్చిన డేటాలో పొరలు మరీ ఎక్కువై, అతని ముందే పెట్టె కుప్పకూలింది. మేనేజర్ అడిగితే, కవిత మార్పుల వల్లేనన్నాను. ఆ శుక్రవారంతో ఆమె ఉద్యోగం ఆఖరు అన్నారు. ఆస్పత్రిలో అన్ని పొరలు రావులే అనుకుని నేను నోరు మెదపలేదు.

ఆ వారమే బుధవారం ఉదయం పదకొండింటికి ఆస్పత్రి టెక్నీషియన్ సమ్మయ్య ఫోన్ చేశాడు.

"సార్, లైన్ జర స్లో ఉన్నది. పోగు తెగింది, ఆపిన అని వస్తాంది. మా దవాఖానల మగ్గమెక్కడిది సార్?"

వెళ్ళి చూశాను. అతను పొరపాటున రెండు పెట్టెలను ఒకదానికొకటి డేటా పంపుకునేలా సెట్ చేశాడు. తిరిగిన ప్రతిసారీ ఇంకో కవరు చుట్టుకుంటోంది. లెక్క ప్రకారం పెట్టె ఎప్పుడో ఆగిపోవాలి. ఆగలేదు. వార్డులో ఒక్క మానిటర్ రీడింగు కూడా పోలేదు. లాగ్ నిండా కవిత వాక్యమే.

సెట్టింగు సరిచేసి, పెట్టెలోని ప్రోగ్రాం కాపీ తెచ్చుకున్నాను. మేము పంపిన దానితో పోల్చితే ఒక్క బైటు తేడా లేదు. ఆ వాక్యం అందులో ఎక్కడా లేదు. అదే ప్రోగ్రాంను ఆఫీసు పెట్టెలో వేసి అదే డేటా పంపాను. మూడు సెకన్లలో కూలింది. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ కూలింది. కవిత ఏమైనా చేసిందేమో చూశాను. ఆస్పత్రి పెట్టెల్లోకి వెళ్ళే పాస్‌వర్డ్ ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు. పైగా మంగళ, బుధవారాలు ఆమె సెలవు పెట్టి వర్ధన్నపేటలో మేనత్త ఇంట్లో ఉంది.

గురువారం అందరి ముందు నిజం చెప్పాను. తనిఖీ తీసింది నేనని, నింద వేసిందీ నేనేనని. మేనేజర్ తనే కవితకు ఫోన్ చేసి, ఉద్యోగం పోలేదని, సోమవారం రమ్మని చెప్పాడు.

సోమవారం ఆమె వచ్చింది. క్షమించమని అడిగాను. లాగ్ చూపించాను. దాన్ని రెండుసార్లు చదివింది.

"నేనైతే ఏం చెయ్యలే సార్. ఎవలు ఆపిన్రో గని, వార్డంత బతికిపోయింది. నా మీద చెప్పిన దానికి కోపం ఉన్నది, లేదనను. తనిఖీ మళ్ళ మీరే రాయున్రి. నేను చూస్త."

రాశాను. పొరల లెక్క తప్పిందని ఒకసారి, లాగ్ సరిగా రాయలేదని ఒకసారి తిప్పి పంపింది. మూడోసారి ఒప్పుకుంది. ఇప్పుడు మా కోడ్ ఏదైనా ఆమె చూశాకే బయటికి వెళుతుంది, నాది కూడా.

ఆ బుధవారం ఆస్పత్రి పెట్టెలో ఏ కోడ్ నడిచిందో మాత్రం నాకు ఈ రోజుకూ తెలియదు.