గుండ్రంగా కోసిన బియ్యం సంచులు

మేం చిన్నబాపు అని పిలిచే మా చిన్నాన్న పోయిన కబురు తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "పొద్దున చాయ తాగి గోడకు ఒరిగిండక్కా. లేపితే లేవలే" అన్నాడు. నేను కరీంనగర్ నుంచి మంచిర్యాల చేరేసరికి ఆయన్ని బయట పడుకోబెట్టారు. కుడిచేతి గోళ్ల సందుల్లో ఎప్పటిదో నీలం రంగు అలాగే ఉంది. ఎంత కిరసనాయిలు పెట్టి రుద్దినా పోని రంగు అది.

దినాలకు వంట సరుకులు దిగినప్పుడు వాటిలో బియ్యం సంచులు కూడా ఉన్నాయి. సంచుల మీద పెద్ద గుండ్రటి బొమ్మ, అందులో నెమలీకల టోపీ. వంటవాళ్లు ఒక సంచి ఖాళీ చేసి, గిన్నెలు తోమే చోట కాళ్ల కింద పరుచుకున్నారు. నేనూ చిన్నమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చిన్నమ్మ లోపలికి వెళ్లి కొయ్యకు వేలాడుతున్న ఆయన చొక్కా జేబులోంచి చిన్న కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ కత్తెర సంగతి చెప్పకుండా మా చిన్నబాపు గురించి ఏం రాసినా అది సగమే అవుతుంది.

ఆయన బోర్డులు రాసే పెయింటర్. స్టేషన్ వైపు దుకాణాల బోర్డులు ఒకప్పుడు సగం ఆయన చేతివే. ప్రతి బోర్డుకూ కింద కుడిమూలన తన పేరు చిన్నగా, వంకర తిప్పి రాసుకునేవాడు. ఒకాయన మోటర్ సైకిల్ నంబర్ ప్లేట్ మీద కూడా రాస్తే, బండి నీదా ఆయనదా అని ఎవరో ఆట పట్టించారట. తర్వాత తర్వాత పేరు రాసుకోవడం పూర్తిగా మానేశాడు. అందుకే నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు.

ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పడిపోయిన రోజుల్లో పెద్దపల్లి వైపు ఒక రైస్ మిల్లు సేటు ఆయన్ని పిలిపించాడు. ఏ సంచి మీద చూసినా ఏనుగు, గుర్రం, తామరపువ్వు. తన బియ్యం సంచికి కొత్తది ఏదన్నా కావాలన్నాడు. చిన్నబాపు అంతకుముందు దీపావళికి ఇచ్చోడ అవతల ఒక గోండు ఊరిమీదుగా వస్తూ, బస్సు ఆగిన చోట గుస్సాడీ ఆట చూశాడు. ఆడేవాళ్లు తలకెత్తుకున్న నెమలీకల టోపీలు ఆయన కళ్లలోంచి పోలేదు. ఇంటికొచ్చి కాగితం మీద గీసి దాచుకున్నాడు. అదే తీసి సేటుకు ఇచ్చాడు.

బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, జనం బియ్యం పేరు మరిచిపోయి 'టోపీ బియ్యం' అనడం మొదలుపెట్టారు. మేం ఎటైనా పోతుంటే బస్సు కిటికీలోంచి లారీలో సంచుల మీది బొమ్మ చూపించి, "గది నాదే" అనేవాడు. నాకూ గర్వంగానే ఉండేది. నేను డిజైనింగ్ నేర్చుకున్నదే ఆయన్ని చూసి.

ఖాళీ బియ్యం సంచి మన దగ్గర ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కోసి గడప ముందు వేస్తే కాళ్లు తుడుచుకునే పట్టా. మిరపకాయలు ఎండబెట్టేది దాని మీదే, కోళ్లగూటికి అడ్డం కట్టేదీ దాన్నే. ఇది చిన్నబాపుకు తెలియనిది కాదు. తెలిసినా ఆ టోపీనీ ఈ పట్టానూ కలిపి ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు, మేమూ ఆలోచించలేదు.

కొన్నేళ్లకు ఇచ్చోడ అవతలే ఇంకో గోండు ఊళ్లో బడి గోడకు అక్షరాలు, బొమ్మలు వేసే పని వచ్చింది. మధ్యాహ్నం బడి పక్కింటావిడ పిలిచి చాయ ఇచ్చింది. వాకిట్లో సంచుల మీద మక్కజొన్నలు ఎండుతున్నాయి. ప్రతి సంచికీ మధ్యలో ఇంత గుండ్రటి రంధ్రం. చిన్నబాపుకు హాస్యం ఎక్కువ. మీ ఊరి ఎలుకలు గుండ్రంగా కొరుకుతాయా అని అడిగాడట. ఆవిడ నవ్వి, తర్వాత చెప్పింది.

"ఎలుకలు కాదు దాదా, మేమే కోసినం. గది మా దేవుని టోపీ. పండుగకు పూజ చేసినంకనే తలకు పెట్టుకుంటం. కాళ్ల కింద ఎట్ల ఏస్తం?"

కోసిన ముక్కలేం చేశారని అడిగితే ఇంట్లో దూలం మీద చూపించిందట. పారేయరాదు, కాలబెట్టరాదు, అందుకే పైన పెట్టాం అంది. దొంతరగా పేర్చి, గుడ్డ కప్పి ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ అన్న మాటను చిన్నబాపు నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"గీసినాయన ఎవరో. పాపం, ఎర్క లేక గీసిండు."

గీసినాయన ఎదురుగా కూర్చుని ఆవిడ ఇచ్చిన చాయ తాగుతున్నాడు. నేనే అని చెప్పలేకపోయాడు. గోడ పని ముగించి, కుడిమూలన పేరు రాయకుండా వచ్చేశాడు. అక్కణ్ణుంచే పేరు రాసుకోవడం పోయింది.

నేరుగా సేటు దగ్గరకు వెళ్లి బొమ్మ మార్చమన్నాడు. సేటు మర్యాదగానే విన్నాడట. జనం టోపీ చూసి కొంటున్నారు, ఇప్పుడు మారిస్తే నా మిల్లు మూసుకోవాలి అన్నాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అదే జవాబు. ఈలోగా ఇంకో ఇద్దరు మిల్లులవాళ్లు ఆ టోపీనే కాస్త అటూ ఇటూ మార్చి వేసుకున్నారు. ఇక వాళ్లందరి చుట్టూ ఎక్కడ తిరుగుతాడు?

జేబులోకి కత్తెర అప్పుడు వచ్చింది. మా ఇంటికొచ్చినా, పెళ్లికి పోయినా, ముందు వంటల టెంటులోకి వెళ్లి ఖాళీ సంచుల మీద టోపీని గుండ్రంగా కోసేసేవాడు. చుట్టాలు నవ్వేవాళ్లు. చిన్నమ్మకు తల కొట్టేసినట్టుండేది. కోసినవన్నీ రేకు పెట్టెలో పెట్టాడు. వాటినేం చేయాలో ఆయనకు తెలియదు. ఇప్పుడు మాకూ తెలియదు.

నా దగ్గరకు పని వచ్చినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే మాట: "ఎవర్ని అడిగినవ్?" ఒకసారి ఏజెన్సీలో ఒక గోండు ఊరి ఆడవాళ్లు పట్టే తేనెను సీసాల్లో అమ్మే ఒకాయన, లేబుల్ మీద గుస్సాడీ బొమ్మ కావాలన్నాడు. నెట్‌లో బోలెడు ఫొటోలున్నాయి, అడిగేదేముంది అన్నాను. నాకు విసుగొచ్చిందనే చెప్పాలి.

"నెట్ల ఉంటే దిక్కులేనిదైతదా? మనింట్ల దేవుని పటం తీస్కపోయి ఎవడన్న చెప్పుల డబ్బ మీద అచ్చేస్తే ఊకుంటవా?"

సరేనని ఆ తేనె అమ్మే ఆయన్ని వెంటేసుకుని ఆ ఊరికే వెళ్లాను. ఆడవాళ్లు చాలాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. టోపీ వద్దన్నారు. ఇప్పపువ్వు వేయమన్నారు, ఊరి పేరు పెద్దగా రాయమన్నారు, గోడల మీద తాము వేసుకునే ముగ్గు అంచు ఒకటి వేసి చూపించి ఇది పెట్టుకోమన్నారు. నా జీవితంలో నేను చేసిన మంచి లేబుల్ అదే. దాన్ని చిన్నబాపు చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అడిగితే వద్దంటరనుకున్న. అడిగితే ఏం గీయాల్నో వాళ్లే చెప్తుండ్రి గద" అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మురిసిపోతాడనుకున్న మనిషి రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఇచ్చోడ వెళ్లి ఆ సంచులు కోసినావిడకు చెప్పి వద్దాం, కారులో నేను తీసుకెళ్తాను అని చాలాసార్లు అన్నాను. వచ్చే దీపావళికి అనేవాడు. ఆ దీపావళి వస్తే మోకాళ్ల నొప్పి అనేవాడు. ఒకసారి గట్టిగా అడిగితే అసలు మాట చెప్పాడు. "ఆమె తిట్టినా బాగుండు. పాపం అన్నది. గా మాటకు ఏం జవాబు చెప్పాలె?"

దినాలయ్యాక నేనే వెళ్లాను. ఆయన చెప్పలేని మాట నేనన్నా చెప్పాలనిపించింది. బడి గోడ మీద అక్షరాలు వెలిశాయి, కుడిమూల ఖాళీగానే ఉంది. పక్కింట్లో ఆవిడ లేదు. కోడలు ఉంది. అత్త మొన్న వానకాలంలో పోయిందని చెప్పింది. ఇద్దరూ ఒకే ఏడాది పోయారు, నాలుగు గంటల దూరం కూడా లేని ఊళ్లలో ఉండి.

ఆ బొమ్మ గీసింది మా చిన్నబాపు అని ఆ అమ్మాయికే చెప్పాను.

"అత్తకు చెప్పేదుండె అక్కా. సంచి కోసినప్పుడల్ల గా గీసినాయన మంచిగుండాలనేది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి కంగారుపడి నీళ్లిచ్చింది, కూర్చోమంటూ చూరు కింద మడిచిపెట్టిన సంచి ఒకటి తెచ్చి అరుగు మీద పరిచింది. దానికి రంధ్రం లేదు. టోపీ నిండుగా ఉంది. నేను చూడటం చూసి ఆమె తల దించుకుంది. "అత్త ఉన్నన్ని దినాలు కోసింది. ఇప్పుడు అన్నిట్ల మీద గదే వస్తుంది. ఎన్నని కోస్తం అక్కా?" అంది. మా వాళ్ల వంటల టెంటులో లేని సిగ్గు, ఈ ఇంట్లో ఈ పిల్ల పడుతోంది.

ఆమె వంగి సంచిని తిరగేసి బొమ్మ కిందికి వచ్చేలా వేసి, అంచులు సర్ది, మళ్లీ కూర్చోమంది. నేను నిలబడే ఉన్నాను. తెల్లటి సంచి వెనకవైపు నుంచి కూడా నెమలీకలు లేత ఆకుపచ్చగా, గుండ్రంగా కనిపిస్తూనే ఉన్నాయి.